కలకత్తా డెర్బీ: పులస పక్షమా, రొయ్య పక్షమా?

కలకత్తా లీగులో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ జట్లు మొదటిసారి తలపడింది 1925 మే 28న. నేపాల్ చక్రవర్తి కొట్టిన ఒకే ఒక్క గోలుతో ఈస్ట్ బెంగాల్ నెగ్గింది. డెర్బీ అని పేరుపడ్డ ఆ పోటీ నూరేళ్ళు దాటినా చల్లారలేదు. దానివల్ల ఆ ఊరికి మేలు జరిగిందా, కీడు జరిగిందా అన్నది ఇక్కడి వాదం. వాదించుకునేవాళ్ళిద్దరూ తెలుగువాళ్ళే. బావ తాతగారు శ్రీకాకుళం నుంచి రైల్వే పని వెతుక్కుంటూ ఖరగ్‌పూర్ చేరారు. బావ అక్కడే పుట్టి పెరిగి, కలకత్తా గార్డెన్ రీచ్‌లోని రైల్వే ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. ఈస్ట్ బెంగాల్ అంటే ప్రాణం. బావమరిది హైదరాబాద్‌లో చాలాకాలం ఒక పత్రికకు ఆటల పేజీ చూశాడు. ఏ జట్టుకూ అభిమాని కాడు, అభిమానులంటే గురీ లేదు.

బావమరిది: ముందు ఇది చెప్పు బావా. పద్మానది ఒడ్డున మీ తాతకి సెంటు భూమి లేదు. ఇటు గంగ ఒడ్డునా లేదు. బెంగాలీలు బెంగాలీలు తిట్టుకునే తగువులో శ్రీకాకుళం వాడివి నీకేం పని?

బావ: ఆ ఊళ్ళో ఫుట్‌బాల్ కబుర్ల దగ్గర కూర్చోవాలంటే ఏదో ఒక పక్షం ఉండాలిరా. పక్షం లేనివాణ్ణి చుట్టపు చూపుగా వచ్చినవాడిలా చూస్తారు. పశ్చిమ బెంగాల్‌లో తరతరాలుగా ఉన్నవాళ్ళు ఘోటీలు. వాళ్ళది మోహన్ బగాన్, ఆకుపచ్చ, మెరూన్ రంగులు, నెగ్గితే ఇంట్లో రొయ్యల కూర. తూర్పు నుంచి వచ్చినవాళ్ళు బాంగాల్‌లు. వాళ్ళది ఈస్ట్ బెంగాల్, ఎరుపు, పసుపు, నెగ్గితే ఇలీష్. మన గోదావరి పులస జాతే అది. ఎక్కడినుంచో వచ్చి ఆ ఊళ్ళో బతుకుతున్నవాళ్ళ జట్టు ఏది అని చూసుకున్నాను. నేనూ అలాంటివాణ్ణే కదా, అటు చేరాను. నువ్వెవరివి, మీ ఊరేది అని ఎవడూ అడగలేదు.

బావమరిది: చేపలూ రంగులూ బాగానే ఉన్నాయి. కానీ ఆ కథకి పునాదే తప్పు. శరణార్థుల జట్టు అంటావు. ఈస్ట్ బెంగాల్ పుట్టింది 1920 ఆగస్టు 1న. దేశం విడిపోవడానికి ఇరవయ్యేడేళ్ళ ముందు. అప్పటికి శరణార్థి ఎవడు? జోడాబగాన్ క్లబ్బు మోహన్ బగాన్‌తో ఆడే మ్యాచ్‌కి శైలేశ్ బోస్ అనే ఆటగాణ్ణి పక్కన పెట్టింది. ఆ క్లబ్బు ఉపాధ్యక్షుడు సురేశ్ చంద్ర చౌధురికి కోపం వచ్చింది, బయటికొచ్చి నలుగురితో కలిసి కొత్త క్లబ్బు పెట్టాడు. కమిటీలో తగువు అది. దాన్ని తర్వాత మీరంతా కలిసి ఇతిహాసం చేశారు.

బావ: అది ఏమంత చిన్న తగువు కాదు. తూర్పు జిల్లాల నుంచి చదువుకీ ఉద్యోగానికీ కలకత్తా వచ్చినవాళ్ళ యాసని వెక్కిరించేవాళ్ళు, మోటువాళ్ళనేవాళ్ళు. ఆ మంట అప్పటికే రగులుతోంది కాబట్టే ఒక ఆటగాణ్ణి పక్కన పెట్టిన మాట మీద క్లబ్బు లేచింది.

బావమరిది: మంటే ఉంటే ఇది ఎట్లా కుదురుతుంది? 1911 జులై 29న మోహన్ బగాన్ ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ని 2-1తో ఓడించి ఐఎఫ్ఏ షీల్డ్ గెలిచింది. తెల్లవాళ్ళ మీద ఉత్త కాళ్ళతో ఆడి నెగ్గారని దేశమంతా చెప్పుకుంది. ఆ జట్టులో ఎక్కువమందివి తూర్పు బెంగాల్ మూలాలే. గోష్ఠ పాల్ సంగతి? ఫుట్‌బాల్‌లో మొదటి పద్మశ్రీ, మోహన్ బగాన్‌కి కంచుకోట. పుట్టింది ఫరీద్‌పూర్ జిల్లాలో. చునీ గోస్వామి పుట్టింది ఇప్పటి బంగ్లాదేశ్‌లోని కిశోర్‌గంజ్‌లో, ఆడినన్నాళ్ళూ మోహన్ బగాన్‌కే ఆడాడు. ఘోటీల దేవుళ్ళే బాంగాల్‌లు! ఇంకెక్కడి అస్తిత్వం బావా?

బావ: ఆ పేర్లన్నీ నా వాదానికే సాయం. పుట్టుక ఒక పక్కన, చొక్కా ఇంకో పక్కన ఉన్నా చునీని ఎవడూ ద్రోహి అనలేదు. మన సినిమా హీరోల అభిమాన సంఘాల్లో కులం లెక్క ఎంత గట్టిగా ఉంటుందో నీకు తెలుసు. అక్కడ గోడ దూకడం కష్టం. కలకత్తాలో దూకినవాడి పేరు మీద మైదాన్ పక్కన రోడ్డుంది, గోష్ఠ పాల్ సరణి. ఇది నెత్తురు లెక్క అయ్యుంటే నూరేళ్ళు బతికేది కాదు.

బావమరిది: మరి దేని లెక్క?

బావ: 1947 తర్వాత సంగతి చూడు. సియాల్దా స్టేషన్‌లో రైలు దిగిన కుటుంబాలు ప్లాట్‌ఫారం మీదే కాపురాలు పెట్టాయి. నేను చేరినప్పుడు మా ఆఫీసులో పెద్దవాళ్ళు ఆ రోజుల గురించి చెప్పేవాళ్ళు. ఊరికి దక్షిణాన, జాదవ్‌పూర్ చుట్టుపక్కల ఖాళీ స్థలాల్లో గుడిసెలు లేచాయి. బిజయ్‌గఢ్ కాలనీ పాత మిలటరీ క్యాంపులో వెలిసింది. పట్టా లేదు, పని లేదు, మాట్లాడితే యాస పట్టుకుని నవ్వుతారు. వదిలేసి వచ్చిన నేల పేరు వేరే దేశంలో కలిసిపోయింది. ఆ పేరు ఇంకా నిలబడి ఉన్నది ఒక్క ఫుట్‌బాల్ క్లబ్బు బోర్డు మీద. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆ క్లబ్బు 1949, 50, 51లో వరసగా మూడుసార్లు షీల్డ్ గెలిచింది. ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వచ్చినవాడికి ఇలా గెలవడం ఎలాంటిదో హైదరాబాద్‌లో కూర్చుని నువ్వు లెక్కేయలేవు.

బావమరిది: గెలిపించిందెవరో కూడా చెప్పు మరి. పంచ పాండవులని మీరు పిలుచుకునే అయిదుగురు ఫార్వర్డులు: సాలే, అప్పారావు, ధనరాజ్, అహ్మద్ ఖాన్, వెంకటేశ్. ఒక్కడైనా బెంగాలీనా? అందరూ దక్షిణాది వాళ్ళే. ఢాకా నుంచి వచ్చిన కుటుంబాల పరువు దక్షిణాది కాళ్ళ మీద నిలబడింది. ఇక మా హైదరాబాద్ సంగతి సరేసరి. మహమ్మద్ హబీబ్ మీకూ ఆడాడు, మోహన్ బగాన్‌కీ ఆడాడు, మహమ్మడన్ స్పోర్టింగ్‌కీ ఆడాడు. అతని తమ్ముడు అక్బర్ 1976 డెర్బీలో మోహన్ బగాన్ తరఫున పదిహేడో సెకనులో మీకు గోలు కొట్టాడు. నయీముద్దీన్ రెండు జట్లకీ కోచ్‌గా పనిచేశాడు. పీటర్ తంగరాజ్ మూడు క్లబ్బులకీ గోలు కాశాడు. ఆటగాడికి అది ఉద్యోగం. గ్యాలరీలో ఉన్నవాడికి మాత్రం వంశగౌరవం.

బావ: ఉద్యోగమే కావచ్చు. హబీబ్‌ని బడే మియా అని పిలిచింది మూడు గ్యాలరీలూ. 1977లో పెలే కాస్మోస్ జట్టుతో ఈడెన్ గార్డెన్స్‌కి వస్తే మోహన్ బగాన్ 2-2తో నిలబడింది, అందులో ఒక గోలు హబీబ్‌ది. ఆ సాయంత్రం మావాళ్ళు కూడా లోపల్లోపల గర్వపడ్డారు. పైకి చెప్పలేదు, అంతే. ఇంకొకటి కూడా చూడు. ఊరి అస్తిత్వం అంటూ మనవాడే ఆడాలని ఆ జనం పట్టుపట్టలేదు. ఎర్ర పసుపు చొక్కా వేసుకుని చెమటోడ్చినవాడు మనవాడే అన్నారు. సిక్కిం నుంచి వచ్చిన భైచుంగ్ భూటియా 1997 జులై 13న ఫెడరేషన్ కప్ సెమీ ఫైనల్లో మోహన్ బగాన్ మీద హ్యాట్రిక్ కొట్టాడు. మేం 4-1తో నెగ్గాం. సాల్ట్ లేక్ స్టేడియంలో ఆ రోజు లక్షా ముప్పయి వేల పైచిలుకు జనం. వాళ్ళకి భైచుంగ్ ఊరెక్కడో పట్టింపు లేదు.

బావమరిది: అంత జనం అని మురిసిపోతున్నావు. నాకు జనం అంటే 1980 ఆగస్టు 16 గుర్తొస్తుంది. ఈడెన్ గార్డెన్స్‌లో మైదానంలో మొదలైన గొడవ గ్యాలరీకి పాకి, తొక్కిసలాటలో పదహారుమంది చచ్చిపోయారు. మ్యాచ్ చూడ్డానికి వెళ్ళిన పిల్లలు. అంతకు అయిదేళ్ళ ముందు, 1975 షీల్డ్ ఫైనల్లో మీరు 5-0తో గెలిస్తే, ఆ ఓటమి తట్టుకోలేక ఒక మోహన్ బగాన్ కుర్రాడు ప్రాణం తీసుకున్నాడు. 2012లో గ్యాలరీ నుంచి వచ్చిన రాయి తగిలి రహీమ్ నబీ పడిపోతే, మోహన్ బగాన్ రెండో సగానికి మైదానంలోకి రానంది. పులస, రొయ్య అని ముద్దుగా చెప్పుకునే కథలో ఈ పేజీలు ఎప్పుడూ చదవరు మీరు.

బావ: 1980 గురించి నేను వాదించను. ఆ రోజు రెండు పక్షాల జనాన్ని ఒకే గ్యాలరీలో కుక్కారు, విడదీసే ఏర్పాటు లేదు. తప్పు నిర్వాహకులది అని చెప్పి మేం తప్పించుకోలేం, చేతులు లేపింది మేమే. ఒక్కటి మాత్రం చెప్పనీ. ఆ తేదీని ఆ ఊరు మరిచిపోలేదు. ఏటా ఆగస్టు 16న ఫుట్‌బాల్ ప్రేమికుల దినం పేరుతో రక్తదాన శిబిరాలు పెడతారు. చనిపోయినవాళ్ళలో మనవాళ్ళెందరు, వాళ్ళెందరు అని అక్కడ ఎవరూ లెక్క వేయరు.

బావమరిది: రక్తదానం మంచిదే. రెండు పక్షాలు అన్న లెక్క మాత్రం నాకు నచ్చదు. ఆ ఊళ్ళో మహమ్మడన్ స్పోర్టింగ్ ఉంది, 1891లో పుట్టిన ముస్లిముల క్లబ్బు. కలకత్తా లీగు గెలిచిన మొదటి భారతీయ జట్టు అదే, మీరిద్దరూ కాదు. 1934 నుంచి 38 దాకా వరసగా అయిదుసార్లు గెలిచింది. అయినా కలకత్తా అంటే ఘోటీ, బాంగాల్ అని చెప్పగానే ముస్లిములు బొమ్మలోంచి మాయం. ఇంకా చెప్పాలంటే బిహారు కూలీలు, మార్వాడీలు, మీ ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళు, అందరూ మాయం. ఊరిని సగం సగం పంచుకున్నవాళ్ళకి ఊళ్ళో మూడోవాడు కనపడడు.

బావ: ఇది ఒప్పుకుంటాను. డెర్బీ అనగానే మా కళ్ళు రెండు రంగులే చూస్తాయి. మహమ్మడన్ మసకబారిన ఏళ్ళలో మేమెవరం పెద్దగా బాధపడలేదు కూడా. అది మా లోపం.

బావమరిది: డబ్బు సంగతీ ఒప్పుకో మరి. 1998లో ఒకే మద్యం కంపెనీ మీ ఇద్దరినీ చేతుల్లోకి తీసుకుంది. మీ చొక్కా మీద కింగ్‌ఫిషర్, వాళ్ళ చొక్కా మీద మెక్‌డొవెల్. రెండు సీసాలూ యూబీ గ్రూపువే. బయట మీరు జుట్లు పట్టుకుంటుంటే లోపల ఒకే గల్లాపెట్టె నిండింది. అస్తిత్వాన్ని ఇంత చవగ్గా ఎవరైనా అమ్ముకున్నారా?

బావ: అమ్మింది కమిటీలు, జనం కాదు. 2020లో మోహన్ బగాన్ ఏటీకే అనే కంపెనీ క్లబ్బుతో కలిసి ఏటీకే మోహన్ బగాన్ అయింది. మా ప్రత్యర్థులు కదా, మేం సంబరపడాలి. వాళ్ళ అభిమానులు మూడేళ్ళు పోరాడారు. బ్యానర్లు కట్టారు, మ్యాచ్‌లు బహిష్కరించారు, ఏటీకే తీసెయ్యమని గొంతు చించుకున్నారు. జట్టు గెలుస్తున్నా ఊరుకోలేదు. 2023లో యజమానే దిగొచ్చి మోహన్ బగాన్ సూపర్ జెయింట్ అని పేరు మార్చాడు. కంపెనీ మెడ వంచిన అభిమానుల్ని మన దేశంలో ఇంకో ఊళ్ళో చూపించు. ఇది ఎలా సాధ్యమైందంటావు? పేరు పోతే ఎదురుగా మేమున్నాం, జీవితాంతం ఎద్దేవా చేస్తాం. పరువుకి కాపలా కాసేది ప్రత్యర్థే.

బావమరిది: అది బాగానే చెప్పావు. ఇప్పుడు నా అసలు అభ్యంతరానికి వస్తాను. మోహన్ బగాన్ గ్యాలరీ మిమ్మల్ని ఎలా వెక్కిరిస్తుందో నువ్వు చెప్పలేదు. ముళ్ళకంచె దాటి వచ్చినవాళ్ళని. మీ ఊరికి మీరు వెళ్ళండని. మీ నాన్నల తరంలో అది వేళాకోళమే అనుకుందాం. 2019లో అస్సాంలో పౌరుల జాబితా తేలాక పందొమ్మిది లక్షల మంది బయట మిగిలారు. తర్వాత పౌరసత్వ చట్టం మారింది. ఇప్పుడు అదే మాట గ్యాలరీలో అరిస్తే నవ్వులాటా?

బావ: కాదు. ఆ జవాబు మావాళ్ళే ఇచ్చారు. 2020 జనవరి 19 డెర్బీలో ఈస్ట్ బెంగాల్ గ్యాలరీ పెద్ద బ్యానర్ పరిచింది. ఈ నేలని మేం నెత్తురు పోసి కొనుక్కున్నాం, కాగితం పెట్టి కాదు అన్నది దాని భావం. ఆ రోజు మేం 2-1తో ఓడిపోయాం. స్కోరు చాలామందికి గుర్తుండదు, బ్యానర్ గుర్తుంది.

బావమరిది: చూశావా, నవ్వులాట ఆగిపోయిన చోటు ఇది. ఎదుటి గ్యాలరీలో ఉన్నవాడు ముళ్ళకంచె అన్నప్పుడు అది గోల్‌కీపర్‌ని తిట్టినట్టు కాదు. మీ అమ్మమ్మ దగ్గర పట్టా ఉందా, పుట్టిన కాగితం ఉందా అని అడిగినట్టు. అధికారి అడిగే ప్రశ్నని అభిమాని ముందే అడిగేస్తున్నాడు. పోటీ అనేది ఊళ్ళో ఇద్దరికీ సమానమైన హక్కు ఉన్నంతవరకే. ఒకడి హక్కు మీదే అనుమానం పడ్డాక అది పోటీ కాదు, వేధింపు.

బావ: ఒప్పుకున్నాను. దానికి తోడు ఇంకొకటి కూడా కలుపుకో. 2024 ఆగస్టులో ఆర్జీ కర్ ఆస్పత్రిలో యువ వైద్యురాలి మీద అత్యాచారం, హత్య జరిగాయి. ఊరంతా రోడ్డెక్కింది. ఆగస్టు 18న జరగాల్సిన డ్యురాండ్ కప్ డెర్బీని భద్రత పేరు చెప్పి రద్దు చేశారు. మ్యాచ్ లేకపోయినా జనం స్టేడియం దగ్గరికి వెళ్ళారు. ఎరుపు పసుపు వాళ్ళు, ఆకుపచ్చ మెరూన్ వాళ్ళు, నువ్వు చెప్పిన మూడోవాళ్ళు మహమ్మడన్ అభిమానులు, ముగ్గురూ ఒకే చోట నిలబడి న్యాయం కావాలన్నారు. మోహన్ బగాన్ కెప్టెన్ శుభాశిష్ బోస్ కూడా వచ్చాడు. పోలీసులు లాఠీలు ఝళిపించారు. ఆ దెబ్బలు రంగు చూసి పడలేదు.

బావమరిది: అంటే పోటీ పక్కన పెడితేనే మంచి జరిగింది. నా మాటే నెగ్గింది.

బావ: పక్కన పెట్టడానికైనా ముందు ఉండాలి కదరా! ఏ బస్సెక్కాలి, ఎక్కడ చేరాలి, బ్యానర్ ఎవరు కట్టాలి, డప్పు ఎవరు తేవాలి అన్నది ఆ జనానికి ఏళ్ళ తరబడి అలవాటు. పైగా ఎదుటివాడు ఎవడో బాగా తెలుసు. నూరేళ్ళు తిట్టుకున్నవాళ్ళకి ఒకరి గొంతు ఒకరికి గుర్తు. అందుకే పిలవగానే కలిశారు. నీ హైదరాబాద్ సంగతే చూడు. కోచ్ రహీం సాబ్ తయారుచేసిన సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 54 దాకా వరసగా అయిదు రోవర్స్ కప్పులు తెచ్చింది. ఆయనే 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో భారత జట్టుకి స్వర్ణం గెలిపించాడు. అంత చరిత్ర ఉన్న ఊళ్ళో 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్ఎల్ ట్రోఫీ ఎత్తింది. మూడేళ్ళు తిరిగేసరికి 2025లో ఆ జట్టు ఢిల్లీకి మారిపోయింది. ఊళ్ళో ఎదురుగా ఇంకో జట్టు ఉండి, దానికో గ్యాలరీ ఉండి ఉంటే, యజమాని అంత సులువుగా మూట కట్టుకునేవాడా?

బావమరిది: ఆ దెబ్బ తగిలింది బావా. అయినా తప్పు అభిమానులది అనకు. కష్టకాలంలో కూడా గచ్చిబౌలి స్టేడియానికి వెళ్ళిన కొద్దిమంది ఉన్నారు. మా ఊళ్ళో గల్లీల మధ్య పోటీ, క్లబ్బుల మధ్య పోటీ ఒకప్పుడు బాగానే ఉండేది. మైదానాలు పోయాయి, పోలీసు జట్టు, రైల్వే జట్టు వంటి వాటికి ఉద్యోగాలు తగ్గాయి, వాటితోపాటు ఆ పోటీలూ పోయాయి. అస్తిత్వం ఉత్త ప్రేమ మీద బతకదు, ఆడే చోటు కావాలి. కలకత్తాలో మైదాన్ ఊరి నడిబొడ్డున మిగిలింది, ఆఫీసు నుంచి నడిచెళ్ళి మ్యాచ్ చూడొచ్చు. అదీ మీ అదృష్టం.

బావ: నిజమే. మైదాన్ నేల సైన్యానిది కాబట్టి ఇన్నాళ్ళూ అపార్ట్‌మెంట్లు లేవలేదు. సరే, తేల్చు ఇక. ఈ పోటీ ఉండాలా, వద్దా?

బావమరిది: ఉండాలి. నేను ఇక్కడికి వచ్చినప్పుడు వద్దనే చెప్పాలనుకున్నాను. రెండు షరతుల మీద మాట మార్చుకుంటున్నాను. మొదటిది, రెండు పక్షాలే ఊరు అన్న మాట మానాలి. మహమ్మడన్‌కి, మీ ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళకి, రేపు ఎక్కడినుంచో వచ్చేవాడికి గ్యాలరీలో చోటుండాలి. రెండోది, ముళ్ళకంచె మాట మైదానంలో వినపడకూడదు. చేప మీద వెక్కిరించు, యాస మీద వెక్కిరించినా ఓర్చుకుంటారు. కాగితాల మీద వెక్కిరించడానికి ఇది కాలం కాదు.

బావ: ఆ షరతు మోహన్ బగాన్ వాళ్ళకే అనుకోకు, మాకూ వర్తిస్తుంది. మావాళ్ళు కూడా కొత్తగా వచ్చిన పేదవాణ్ణి చూసి మేం ముందు వచ్చాం, నువ్వు తర్వాత వచ్చావు అనడం విన్నాను. శరణార్థి మనవడు కొత్త శరణార్థిని తరిమితే, మా బ్యానర్‌కి విలువ లేదు.

బావమరిది: అయితే ఇద్దరం ఒక మాట మీద నిలబడదాం. కలకత్తాకే కాదు, రాష్ట్రం విడిపోయేటప్పుడు ఎవరు ఎక్కడివాళ్ళు అని వాదించుకున్న మన తెలుగువాళ్ళకీ పనికొచ్చే మాట. మ్యాచ్ అయ్యాక ఎదుటివాణ్ణి ఓడిపోయావని ఎంతైనా ఏడిపించవచ్చు. ఊరొదిలి వెళ్ళిపో అనే హక్కు మాత్రం ఏ అభిమానికీ లేదు.